వెడల్పు పట్టీ తగిలించే చోటు

బోర్డులు తయారుచేసే కంపెనీ వారికి,

నమస్కారం. నేను నీళ్ళ సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పైపుల పటాలు గీసి, రెండేళ్ళ కిందట పదవీ విరమణ చేసిన మనిషిని. ఆఫీసులో అందరూ నన్ను పటాల పిన్ని అనేవారు. మీరూ అలాగే అనుకోండి. కంప్యూటరు నడవడం లేదు కాబట్టి చేత్తో రాస్తున్నాను.

పోయిన నెల నా పాత కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయింది. దుకాణం అతను చూసి లోపలి మదర్‌బోర్డు పోయిందన్నాడు. కొత్తది వేశాడు. అది మీ కంపెనీది. తెర వెలిగింది, గాలిపంకా తిరిగింది, అంతా బాగానే ఉంది. తీరా నా పాత డిస్కు తగిలించబోతే దానికి చోటే లేదు. ఆ డిస్కుకు మూడు వేళ్ళ వెడల్పున బూడిదరంగు పట్టీ ఉంటుంది. అది గుచ్చడానికి నలభై పిన్నుల స్లాటు కావాలి. లెక్కపెడితే ముప్పై తొమ్మిదే వస్తాయి. తిరగేసి గుచ్చకుండా నడుమ ఒకటి కావాలనే వదిలేస్తారట. మీ బోర్డు మీద ఆ స్లాటు ఉండవలసిన చోట నున్నగా ఉంది. వేలిగోరంత స్లాట్లు మాత్రం నాలుగున్నాయి. "పాతవి ఇప్పుడు ఏ కంపెనీ పెట్టడం లేదు పిన్నీ, ఆ డిస్కు పారేయండి" అన్నాడు దుకాణం అతను.

అందులో ఉన్నవి పారేసేవి కావు. ఊళ్ళో నేల కింద ఉన్న నాలుగు వందల పన్నెండు వాల్వులు. ఒక్కొక్కటి ఏ గోడ మూల నుంచి ఎన్ని అడుగులు, ఏ స్తంభం నుంచి ఎన్ని అడుగులు అన్నది నేనే టేపు పట్టి కొలిచి ఎక్కించాను. కాగితం పటాలు సామాన్ల గదిలో పైకప్పు కారి ముద్దైపోయాయి. నీళ్ళ ఆఫీసు పటాలు నీళ్ళపాలైనందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిగిలినవి రెండు ప్రతులు. ఒకటి ఆఫీసు డిస్కులో, ఒకటి నా దగ్గర.

ఇంకో రెండు నెలల్లో ఊళ్ళో పెద్ద పంపు మొదలవుతుంది. అంతకు ముందే పాత ట్యాంకు నుంచి ప్రసూతి ఆసుపత్రి సందుకు వెళ్ళే పాత ఇనుప పైపును కొత్త లైను నుంచి విడదీయాలి. లేకపోతే ఆ ఒత్తిడికి పాత పైపు పగిలి, ఆసుపత్రికి చుక్క నీరు అందదు. విడదీసే వాల్వు రోడ్డు కింద ఎక్కడో ఉంది. నాకు మూడు వందల పైచిలుకు వాల్వులు కంఠతా వచ్చు. ఇది రాదు. కొత్త ఇంజనీరు ఇప్పటికి మూడు చోట్ల తవ్వించాడు. మట్టి తప్ప ఏమీ దొరకలేదు. నేను వెళ్ళి అడిగితే, "పటం చూసే తవ్విస్తున్నాం మేడం, పాత పటం కదా, తప్పులుంటాయి" అన్నాడు, పదిమంది ముందు.

నా పటంలో తప్పు లేదు. ఆ డిస్కు తెరిచి ఆ మాట రుజువు చేయకుండా నేను ఊరుకునే రకాన్ని కాదు. కనుక స్లాటు ఇప్పించగలరు.

మీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న,
పటాల పిన్ని

తా.క. ఆ స్లాటు తీసేయమన్న మహానుభావుడి పేరు కూడా తెలియజేయండి. ఏమీ అనను. పేరు చాలు.

*

గౌరవనీయ వినియోగదారు పటాల పిన్ని గారికి,

మీ ఉత్తరం అందిన ఆనందంతో ఉత్తరాల విభాగం నుంచి గుమాస్తా నమస్కారాలు.

మీ విన్నపాన్ని శ్రద్ధగా పరిశీలించాం. మీరు కోరిన స్లాటు మంజూరైంది. వచ్చే మంగళవారం ఉదయం పదకొండు గంటలకు. దయచేసి పది నిమిషాలు ముందుగా రాగలరు.

మీరు అడిగిన పిన్నులు కూడా ఈ కవరులోనే పంపుతున్నాం. ఉత్తరంలో ఒకచోట నలభై అనీ, ఒకచోట ముప్పై తొమ్మిది అనీ ఉంది. ఏది సరైనదో తేల్చుకోలేక నలభై పంపాం. ఎక్కువైన దాన్ని తిప్పి పంపనవసరం లేదు.

మీ సంతృప్తే మా తృప్తి అని నమ్మే,
ఉత్తరాల గుమాస్తా

తా.క. ఇకపై ఫిర్యాదులను కంప్యూటరు ద్వారా మా వెబ్‌సైటులో నమోదు చేస్తే త్వరగా పరిష్కారమవుతాయి.

*

ఉత్తరాల గుమాస్తా గారికి,

నమస్కారం పెట్టే ఓపిక ఈ పూట తక్కువగా ఉంది. అయినా పెడుతున్నాను.

మీరు పంపిన గుండుసూదులు అందాయి. ఎదురింటి దర్జీకి ఇచ్చాను. చాలా సంతోషించాడు. నాకు కావలసింది గుండుసూదులు కావు. మంగళవారం పదకొండు గంటలూ కాదు. స్లాటు అంటే బోర్డు మీద ఉండే పళ్ళ వరుస లాంటిది. పట్టీ కొసను అందులో గుచ్చుతారు. పాత బోర్డుల మీద రెండేసి ఉండేవి. మీరు తీసేసింది వాటినే.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. ఇంట్లో కూర్చుని డిస్కును తుడుస్తుంటే జంపరు జారిపోయింది. మంచాల కింద, బీరువా కింద వెతికాను. ఎటు పోయిందో కనబడలేదు. జంపరు పోతే మాస్టరు ఉండదు, మాస్టరు లేకపోతే డిస్కు పలకదని దుకాణం అతను భయపెడుతున్నాడు. కాబట్టి స్లాటుతో పాటు మాస్టరు సంగతి కూడా మీరే చూడాలి.

నాకు వ్యవధి లేదు. ఇంజనీరు నాలుగో గొయ్యి తవ్వించాడు. ఈసారి టెలిఫోను తీగ తెగింది. వీధిలో అందరూ నా పటాన్నే తిడుతున్నారు. పాలు తెచ్చుకోవడానికి వెళ్తే, "మీరు గీసిన పటమేనటగా" అని అడిగారు. అవునన్నాను. తల దించుకోలేదు. అయినా ఇంటికొచ్చాక పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను.

సరైన జవాబు వచ్చేదాకా వదలని,
పటాల పిన్ని

తా.క. వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టమన్నారు. కంప్యూటరు పలికితే మీకు ఫిర్యాదు ఎందుకు పెడతానండీ?

*

ఎంతో గౌరవంతో మాస్టారి కుటుంబానికి,

ఉత్తరాల విభాగం నుంచి బరువెక్కిన గుండెతో రాస్తున్నది.

మాస్టారు కనబడకుండా పోయిన వార్త చదివి మా విభాగం మొత్తం, అంటే నేను, ఎంతో బాధపడ్డాను. ఆయన లేకుండా ఇంట్లో ఎవరూ పలకడం లేదని మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మంచాల కింద, బీరువా కింద కూడా వెతికారంటే మీరెంత తల్లడిల్లారో అర్థమవుతోంది.

అయితే అమ్మా, ఇల్లు విడిచి జంపైన వారిని వెతికిపెట్టే ఏర్పాటు మా కంపెనీలో లేదు. దగ్గరలోని పోలీసు స్టేషనులో ఫోటో ఇచ్చి ఫిర్యాదు చేయండి. వెళ్ళేముందు ఆయన ఎవరితోనైనా గొడవపడ్డారేమో గుర్తు చేసుకోండి.

మంగళవారం స్లాటును రద్దు చేయలేదు. మనసు కుదుటపడ్డాక ఎప్పుడు వచ్చినా సరే.

మీ కష్టంలో పాలుపంచుకునే,
ఉత్తరాల గుమాస్తా

తా.క. దర్జీ గారికి ఇంకా పిన్నులు కావాలంటే మొహమాటపడకుండా అడగండి. ఇక్కడ చాలా ఉన్నాయి.

*

అయ్యా గుమాస్తా గారూ,

మీ మంచి మనసుకు ఒక నమస్కారం. మిగతావాటికి లేదు.

మా ఇంట్లో మాస్టారెవరూ లేరు. మా ఆయన ప్రెస్సులో అచ్చులు పేర్చేవారు. పోయి పదకొండేళ్ళయింది. ఎక్కడికీ జంప్ కాలేదు. జంపరు అంటే బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్క. డిస్కు వెనక రెండు ముళ్ళను కలిపి ఉంచుతుంది. దాన్ని మాస్టరు అనే చోట పెడితే డిస్కు ఒంటరిగా పని చేస్తుంది. అంతే.

మీకు కంప్యూటరు భాష పట్టుబడడం లేదని తెలిసింది. అందుకని నాకు బాగా వచ్చిన భాషలో చెబుతాను. జాగ్రత్తగా చదవండి.

నా దగ్గర ఉన్నది పాతకాలపు వెడల్పు పైపు. మీ బోర్డు మీద ఉన్నది కొత్తరకం సన్నపైపు. వెడల్పు పైపును సన్నపైపుకు ఉన్నదున్నట్టు బిగించలేం. బిగించాలంటే మధ్యలో కలుపు ముక్క ఒకటి వేయాలి. ఒక పక్క వెడల్పు నోరు, ఇంకో పక్క సన్న నోరు. మా ఆఫీసులో ఏ ఫిట్టరును అడిగినా నిమిషంలో తీసిచ్చేవాడు. మీ దగ్గర అలాంటి ముక్క ఉందా లేదా? ఈ పక్కనుంచి ఆ పక్కకు రావలసింది అంతా లోపలే ఇరుక్కుపోయి ఉంది. ఒక్క చుక్క కూడా బయటికి రావడం లేదు.

ఇంజనీరు ఐదో గొయ్యి కోసం సుద్దతో గుర్తు పెట్టాడు. నేను ఆ గుర్తు పక్కన నిలబడి, ఏ గోడ నుంచి కొలిచారని అడిగాను. "అంతా సిస్టంలో ఉంది మేడం" అని జేబులోని కాగితం తీసి చూశాడు. దూరం నుంచి నాకు కనబడింది. ఆ కాగితంలో ఏమీ రాసిలేదు. కళ్ళజోడు మార్పించుకోవాలేమో.

ఇంతకన్నా విడమరిచి చెప్పలేని,
పటాల పిన్ని

తా.క. పైపు అన్నది పోలిక మాత్రమే. ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

*

గౌరవనీయ పటాల పిన్ని గారికి,

అత్యవసర విషయం కనుక కుశల ప్రశ్నలు వదిలేసి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి ఉన్న ఫళాన లేచి నిలబడ్డాను. దయచేసి వెంటనే కరెంటు ఆపండి. బోర్డుకు పైపు బిగించడం చాలా ప్రమాదం. వెడల్పుదైనా, సన్నదైనా. ఇప్పటివరకు ఒక్క చుక్క కూడా బయటికి రాలేదని మీరు రాయడం కొంత ఊరట.

నియమం ప్రకారం నీరు తగిలిన బోర్డుకు వారంటీ వర్తించదు. కానీ మీరు ఒంటరిగా ఉంటున్నారని ఇప్పుడు తెలిసింది కాబట్టి, మా పై అధికారిని బతిమాలి ఒక మినహాయింపు సంపాదించాను. మీ ఊళ్ళో మా ఏజెంటు ఒక నమ్మకమైన ప్లంబరును మీ ఇంటికి పంపుతాడు. మీరు ఏదీ ముట్టుకోకండి. అతనే విప్పుతాడు.

మీ క్షేమం కోరే,
ఉత్తరాల గుమాస్తా

తా.క. మీరు చివర రాసిన వాక్యం రెండుసార్లు చదవమన్నారు. ఆ పేజీ చివర తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. దాంతో నా అనుమానం బలపడింది.

*

గుమాస్తా నాయనా,

ఇక గారూ గీరూ మానేస్తున్నాను. నువ్వు నా కొడుకు ఈడువాడివే అయివుంటావు.

ప్లంబరు వచ్చాడు. చేతిలో పెద్ద రెంచీ. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వాడికి పని నేర్పిన ఫిట్టరు మా ఆఫీసువాడే. వీడు చిన్నప్పుడు నా పటాల మీద టీ ఒలకబోశాడు కూడా. కంప్యూటరు పెట్టె మూత తీసి చూసి, "ఇందులో పైపు ఎక్కడుంది పిన్నీ?" అన్నాడు. లేదన్నాను. మరి నన్నెందుకు పంపారన్నాడు. అది తెలుసుకోవడానికే నేనూ ఉత్తరాలు రాస్తున్నానని చెప్పాను. వచ్చినవాడు ఊరికే పోకుండా వంటింటి కుళాయి బాగుచేసి వెళ్ళాడు. రెండేళ్ళుగా కారుతోంది. ఆ మేరకు మీ కంపెనీకి కృతజ్ఞతలు.

ఇక ఉత్తరాలతో లాభం లేదు. పంపు మొదలవడానికి మూడు వారాలే ఉంది. మొన్న ఆ ఇంజనీరు ఆసుపత్రి వాళ్ళకు తొట్లు నింపి పెట్టుకోమని నోటీసు పంపాడట. కాన్పుల వార్డు ఆయా మా ఇంటికొచ్చి, తొట్టి నీళ్ళతో ఎన్ని రోజులు నెట్టుకురావాలని నన్ను అడిగింది. నన్నే ఎందుకు అడగాలి? పటం నాది కాబట్టి. ఆవిడకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. ఒక్కరోజు కూడా నెట్టుకురానవసరం లేదని చెప్పాను. చెప్పాక నాకే దడ పుట్టింది. కానీ చెప్పిన మాట చెప్పినట్టే ఉంటుంది.

గురువారం పొద్దున బస్సుకు బయలుదేరి మీ ఆఫీసుకు వస్తున్నాను. డిస్కును పాత శాలువాలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి తెస్తాను. నీ బల్ల మీద పెట్టి, వేలితో చూపిస్తాను. అప్పటికీ అర్థం కాకపోతే నీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అర్థమయ్యాకే లేస్తాను.

గురువారం కలవబోయే,
పటాల పిన్ని

తా.క. గేటు దగ్గర ఆపకుండా చెప్పి పెట్టు. ఆపినా వస్తాననుకో, కాకపోతే ఆలస్యమవుతుంది.

*

పిన్నిగారికి,

పాదాభివందనం చేసి, లెంపలేసుకుని మరీ రాస్తున్నాను.

గేటు దగ్గర చెప్పడం మరిచిపోయినా మీరు వచ్చేశారు. మీరు ఆ డబ్బా తెరిచి, శాలువా మడతలు విప్పి, బూడిదరంగు పట్టీని నా బల్ల మీద పరిచినప్పుడు నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఈ కంపెనీలో ఎనిమిదేళ్ళుగా ఉన్నాను గానీ బోర్డు ఎలా ఉంటుందో అంత దగ్గరగా చూడలేదు. నేను ఉన్నది పార్సిళ్ళ విభాగంలో. ఉత్తరాల బల్ల ఏడాదిన్నర ఖాళీగా ఉంటే, నా చేతిరాత బాగుంటుందని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ఈ కుర్చీలో నా మొదటి రోజు. తెలియదని చెప్పడానికి మొహమాటపడి, తెలిసినట్టు జవాబులు రాశాను. మీరు మన్నించాలి.

మిమ్మల్ని బోర్డుల నమూనాలు గీసే గదికి తీసుకువెళ్ళానా, అక్కడి అధికారి పెద్దాయన చెప్పింది మీరూ విన్నారు. ఆ పట్టీతో మాట్లాడే చిప్పులు తయారవడమే ఆగిపోయిందనీ, స్లాటును మళ్ళీ పెట్టడం తన చేతిలో లేదనీ. అంతవరకు మీరు తలూపారు. ఆ తర్వాతే ఆయన తెర మీద చూపించి, "దీని గురించి మాకు ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ. సున్నా" అన్నారు.

మీరు ఆయన వైపు జాలిగా చూశారు. "కంప్యూటరు చచ్చినవాళ్ళు కంప్యూటర్లో ఫిర్యాదు ఎలా పెడతారు నాయనా?" అన్నారు.

మీరు బస్సుకు వేళవుతోందని వెళ్ళిపోయారు. పెద్దాయన ఆ సున్నాను చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజు సెలవులో ఉన్న మా కంపెనీ ముసలి మెకానిక్కు మర్నాడు వచ్చాడు. మీ సంగతంతా చెప్పాను. పైపు పోలికతోనే చెప్పాను. వెంటనే అర్థమైందన్నాడు. బల్ల సొరుగు అడుగున వెతికి అగ్గిపెట్టెంత ముక్క ఒకటి తీశాడు. ఒక పక్క వెడల్పు నోరు, ఇంకో పక్క సన్న నోరు. ఆ పక్క నలభై దారాల్లో వచ్చేదాన్ని ఈ పక్క ఏడు దారాల్లోకి మార్చి పంపుతుందట. దాన్ని పార్సిల్లో పెట్టాను. కాగితం పొట్లంలో రెండు జంపర్లు కూడా ఉన్నాయి. ఒకటి జారిపోతే ఇంకోటి. జంపరును మాస్టరు అన్న చోటే పెట్టాలని, లేకపోతే ఈ ముక్క డిస్కును గుర్తుపట్టదని మెకానిక్కు నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు. డిస్కు పక్కనున్న చీటీ మీద ఆ చోటు బొమ్మ ఉంటుందట.

నేర్చుకుంటున్న,
ఉత్తరాల గుమాస్తా

తా.క. స్లాటు తీసేయమన్న మహానుభావుడి పేరు మొదటి ఉత్తరంలో అడిగారు. ఆ పెద్దాయనే. మీరు వెళ్తూ ఆయన కళ్ళజోడు మురికిగా ఉందని మీ కొంగుతో తుడిచిచ్చారు. అప్పటినుంచి ఆయన మీ గురించే అడుగుతున్నారు.

*

గుమాస్తా నాయనకు,

పటాల పిన్ని నిండు మనసుతో దీవించి రాస్తున్నది.

తెరుచుకుంది. జంపరును మాస్టరు దగ్గర పెట్టి, నీ కలుపు ముక్కకు పట్టీ తగిలించి, మీట నొక్కాను. డిస్కు ముందు టిక్కుటిక్కుమంది. తర్వాత సన్నగా ఈల వేసింది. ఆ శబ్దం ఎన్నేళ్ళుగానో విన్నదే. నాలుగు వందల పన్నెండు వాల్వులూ ఒక్కటి తగ్గకుండా తెర మీదకు వచ్చాయి. నాకు కావలసింది రెండు వందల ఆరోది. పాత ప్రెస్సు గోడ మూల నుంచి పద్నాలుగు అడుగులు, దీపస్తంభం నుంచి ఇరవై రెండున్నర. మా ఆయన పని చేసిన ప్రెస్సే అది. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి రోజూ వెళ్ళిన గోడ. అయినా అంకె గుర్తు లేదు చూడు.

అచ్చు తీయించుకుని, టేపు పట్టుకుని నేరుగా రోడ్డు మీదకు వెళ్ళాను. వీధి సగం అక్కడే ఉంది. ఆసుపత్రి ఆయా కూడా వచ్చింది. ఇంజనీరు ఆరో గొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పటం చూపించి, ఇక్కడ తవ్వించమన్నాను. టేపు ఇంకో కొస తనే పట్టుకున్నాడు. రెండు కొలతలూ కలిసిన చోట సుద్దతో గుర్తు పెట్టాను. పనివాళ్ళు గడ్డపార వేశారు. మోకాలి లోతు పోయేసరికి ఇనుము తగిలిన చప్పుడైంది. మూత, మూత కింద వాల్వు. తుప్పు పట్టి ఉంది, నూనె పోసి, ఇద్దరు పట్టి తిప్పితే గానీ కదల్లేదు. ముప్పావు గంటలో మూసేశారు. మొన్న పంపు మొదలైంది. ఆసుపత్రి సందులో ఎక్కడా పగల్లేదు. కాన్పుల వార్డులో కుళాయి తిప్పి చూసి, ఆయా మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళింది.

వాల్వు బయటపడగానే ఇంజనీరును పదిమంది ముందు అడిగాను. పటం తప్పా, ఒప్పా అని. అతను తల వంచుకుని, "ఒప్పే మేడం. పటం ఎప్పుడూ ఒప్పే" అన్నాడు. 

కావలసింది దక్కింది. కానీ నాయనా, ఒక్కటి మాత్రం కొరుకుడు పడడం లేదు. ఇదే పటం వాళ్ళ ఆఫీసులోనూ ఉంది. చూసి కూడా ఆరు చోట్ల తప్పుగా ఎలా తవ్వించాడు? అంకెలు చదవడం రాని ఇంజనీరు ఉంటాడా? వాల్వు దొరికినప్పటినుంచి అతను నేను కనబడితే వీధి దాటి అవతలి పక్కన నడుస్తున్నాడు. నామీద అంత కోపమెందుకో.

గెలిచినా నిమ్మళంగా లేని,
పటాల పిన్ని

తా.క. మీ ముసలి మెకానిక్కుకు నా నమస్కారాలు చెప్పు. సొరుగు అడుగున ఇంకా ఏమేమున్నాయో ఒక పట్టిక రాసి పెట్టుకోమను. మనిషి సెలవు పెడితే వస్తువు ఎక్కడుందో తెలియకపోవడం మంచిది కాదు.

*

పిన్నిగారికి,

వాల్వు దొరికిన వార్త చదివి బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టిన గుమాస్తా నమస్కారాలు.

మీ మాట విన్నాక నమూనాల పెద్దాయన నన్ను పిలిచి, కాగితం మీద వచ్చే ఉత్తరాలన్నీ ఎక్కడికి పోతున్నాయని అడిగారు. నాకూ తెలియదు. నా గదిలో ఇనుప బీరువా ఒకటుంది, తాళంచెవి లేదు. మెకానిక్కుతో తెరిపించాను. ఏడాదిన్నర పాటు ఈ బల్ల ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిన ఉత్తరాలన్నీ కట్టలు కట్టి అందులో పడేశారు. పదకొండు వందల పైన ఉన్నాయి. సగానికి పైగా ఆ పట్టీ గురించే. ఒకాయన ముప్పై ఏళ్ళ వాన లెక్కలు, ఒకావిడ తను రాసిన నిఘంటువు, ఇంకొకరు చనిపోయిన తమ్ముడి గొంతు. అన్నీ తెరుచుకోని డిస్కుల్లో ఉన్నాయి. గంపలో పెట్టి తీసుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పోశాను. ఆయన తెర ఆపేసి ఉత్తరాలు చదవడం మొదలుపెట్టారు. స్లాటు తిరిగి రాదు. కానీ కలుపు ముక్కలు ఇక్కడే తయారు చేయించడానికి ఒప్పుకున్నారు. అడిగిన ప్రతివారికీ పంపుతాం. మొదటి బుట్ట నిన్ననే వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. రాయవచ్చో రాయకూడదో రెండు రోజులు ఆలోచించాను. మీరు నిమ్మళంగా లేనన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆ కట్టల్లో మీ ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసు ఇంజనీరు ఉత్తరాలు మూడున్నాయి. మొదటిది ఎనిమిది నెలల కిందటిది. మూడోది మీ మొదటి ఉత్తరానికి సరిగ్గా వారం ముందు వచ్చింది. ఆఫీసు కంప్యూటరు మార్చమని తనే సంతకం పెట్టాడట. కొత్తది వచ్చాక, అందులోని మా బోర్డు మీద పాత డిస్కు తగిలించే చోటు లేదని తెలిసిందట. పటం ఒక్కసారి కూడా తెరిచి చూడలేకపోయాడు. అతని జేబులో ఉన్నది తెల్ల కాగితమే పిన్నిగారూ. మీ కళ్ళజోడు బాగానే ఉంది.

మూడో ఉత్తరం చివరి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"పటం గీసినావిడ వెళ్ళే రోజున, దీన్ని కొత్తరకం డిస్కులోకి ఎక్కించి పెట్టుకోమని నాకు చెప్పారు. నేను నవ్వి, మేం చూసుకుంటాం లెండి అన్నాను. ఇప్పుడు పటం తప్పని అబద్ధం చెప్పి తవ్విస్తున్నాను. ఆవిడ ఇల్లు మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే. వెళ్ళి ఒక్క మాట అడిగితే టేపు పట్టుకుని తనే వస్తారు. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అందుకే ఇంత దూరంలో ఉన్న మీకు రాస్తున్నాను. దయచేసి త్వరగా ఏదైనా చేయండి."

అతనికి మీమీద కోపం లేదు.

ఎప్పటికీ మీ,
ఉత్తరాల గుమాస్తా

తా.క. ఇంజనీరు గారి పేర ఒక కలుపు ముక్క పార్సిలు చేశాను. పైన ఆయన పేరు రాసి, కింద మీ ఇంటి చిరునామా రాశాను. ఎనిమిదేళ్ళలో నా చేతిమీదుగా వెళ్ళిన పార్సిళ్ళలో ఒక్కదాని చిరునామా కూడా తప్పలేదు. కావాలని తప్పు రాసింది ఇదే మొదటిది.